ఉస్తాద్ రామస్వామి అరచెయ్యి

మా సందులో రామస్వామిని ‘ఉస్తాద్’ అనని వాడు లేడు. నేనొక్కణ్ణే పేరు పెట్టి పిలిచేవాణ్ణి, అదీ ఆయన్ని ఉడికించడానికి. నా పేరు త్రినాథరావు. మాది తణుకు దగ్గర. ముప్పై ఏళ్ళ కిందట చంపాపేటలో లేత్ మిషన్ పెట్టుకున్నాను. గోడ అవతల ఆయన మెకానిక్ షెడ్డు. నల్లగొండ పల్లె నుంచి లారీ క్లీనర్‌గా వచ్చి, ఎల్బీనగర్‌లో లారీల కింద వెల్లకిలా పడుకుని పని నేర్చుకున్న మనిషి. చదువు ఆరో క్లాసు. కోపం మాత్రం కలెక్టర్ కోపం. నాకు అంతకంటే ఎక్కువ. రోజుకు రెండుసార్లు పోట్లాడుకునేవాళ్ళం, మూడుసార్లు చాయ్ తాగేవాళ్ళం.

ఆయన గొప్పంతా చెవిలో ఉండేది. ఏదో బండి సందు మలుపు తిరుగుతుంటే, నోట్లో ముద్ద నములుతూనే, “గా బండికి మూడో సిలిండర్ కొడ్తలేదు” అనేవాడు. విప్పి చూస్తే మూడోదే! దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ మెకానిక్కుకి ఇంజిన్ అంతుపట్టకపోయినా “ఉస్తాద్‌కి వినిపించుకురా పో” అని పంపేవాడు. ఈయన ‘సాఫ్ ఉన్నది’ అన్నాడా, ఇక దాని మీద మాట లేదు.

ఆ చెవులు పోయాయి.

నాకు చెప్పింది ఆయన భార్య అండాలమ్మ. ఒక మధ్యాహ్నం, ఆయన సామాన్ల కోసం బయటికి వెళ్ళిన వేళ చూసుకుని మా షాపుకొచ్చింది. ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడే మనిషి, లోపలికొచ్చి స్టూలు మీద కూలబడింది.

“అన్నా, గీ మనిషికి చెవులు పోయినయ్. కుక్కర్ పక్కకే కూసున్నా సీటీ ఇనవడ్తలేదు. దవాఖానకు తీస్కపోయిన. నలభై ఏండ్లు గా మోతల ఉన్నడు గద, నరాలు సచ్చిపోయినయన్నరు. చెవిల మిషను వెట్టుకోమంటె పెట్టుకోడు. ‘చెవిల మిషను వెట్టుకున్న మెకానిక్కుకు ఇంజన్ ఎవడిస్తడే’ అంటున్నడు.”

గోడకు ఇవతల కూర్చుని రోజూ ఆయనతో అరిచే నాకు తెలియలేదే! తరవాత ఆలోచిస్తే ఒక్కొక్కటే అర్థమైంది. మాట్లాడేటప్పుడు మొహంలోకి మొహం పెట్టి చూడడం, సగం మాటలకు ఊరికే తల ఊపడం, ఏదన్నా అడిగితే “అన్నీ నీకే గావాలె” అని కసురుకోవడం. అదంతా కోపమనుకున్నాం. కాదు, భయం. చెవులు లేవని తెలిసిన రోజున ఆయన రామస్వామి కాడు, ఎవరో ముసలి మెకానిక్.

మరి ఇంజిన్లెలా చూస్తున్నాడు? అరచేత్తో. తిరిగే ఇంజిన్ మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఎంత మంచిదైనా వణుకుతుంది, ఆ వణుకులో తేడాను బట్టి లోపం పట్టేసేవాడు. చూసేవాళ్ళు, అబ్బో, ఉస్తాద్ ధ్యానంలోకి వెళ్ళాడనుకునేవారు. అలా రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. దొంగతనం కాదది, మహా విద్య. నా మాట మీద నమ్మకం లేకపోతే మీరొకసారి చెవుల్లో దూది కుక్కుకుని ప్రయత్నించండి.

అప్పుడొచ్చాడు కార్తీక్. చైతన్యపురిలో కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే కుర్ర లెక్చరర్. నాలుగు చక్రాలూ లాగే పాతకాలం పికప్ జీపొకటి తుక్కులో పోబోతుంటే కొన్నాడు. దాని ఇంజిన్ ఎప్పుడో చచ్చింది. మిలిటరీ వేలం సరుకు అమ్మేవాళ్ళ దగ్గర పెద్ద పెట్రోల్ ఇంజిన్ ఒకటి సంపాదించాడు. ఆరు సిలిండర్లు, ఆరూ ఒకే వరస. దాన్ని దీన్లో పెట్టాలి. కాగితాల సంగతి తను చూసుకుంటానన్నాడు.

“దీని అందమేంటో తెలుసా ఉస్తాద్? ఆరూ ఒక వరసలో ఉంటే ఒకదాని కుదుపుని ఇంకొకటి మింగేస్తుంది. వణుకన్నదే ఉండదు!” అన్నాడు చేతులు తిప్పుతూ, క్లాసులో చెప్పినట్టు.

రామస్వామి ఆ అబ్బాయి పెదాల వంకే చూస్తున్నాడు. చివరి మాట అందినట్టుంది, మొహంలో నెత్తురు ఇంకిపోయింది. అయినా తల ఊపి, పని పట్టాడు.

సాయంత్రం చాయ్ దగ్గర మొదటిసారి తనంతట తనే బయటపడ్డాడు. “నీకు ఎర్కనే గద రావు సాబ్, అండాలు జెప్పింది. నాకు భయమైతుంది. గిది చెయ్యికి ఏం జెప్పదట.”

“మరెందుకు ఒప్పుకున్నావయ్యా? వద్దనలేకపోయావా?” గట్టిగా, మొహం చూపించి అన్నాను.

“వద్దంటె ఎందుకొద్దన్నడని అడుగుతరు. ఉస్తాద్‌కు చేత గాలేదంటరు. గీ ఒక్కటి సాఫ్‌గ పోతె, ఇంకో అయిదేండ్లు నన్ను ఎవ్వలడగరు.”

అప్పుడనుకున్నాం. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు నేను ఆయన వెనకే నిలబడాలి. ఏ చిన్న టకటక వినపడినా భుజం మీద తట్టాలి. ఆయన ఇంజిన్ ఆపించి ‘జర చూస్కోవాలె’ అంటాడు. ఎవరికీ తెలియదు. “నా చెవి నువ్వే ఇగ” అని నా చెయ్యి పట్టుకున్నాడు. కోతలెందుకు, నాకు గర్వంగానే అనిపించింది.

రెండు నెలలు పట్టింది. ఇంజిన్ జానెడు పొడవెక్కువ. రేడియేటర్ ముందుకు జరిపాడు, డ్యాష్‌బోర్డు వెనక రేకు గుంట కొట్టాడు, బరువుకి కుంగకుండా ముందు స్ప్రింగు పట్టీలకు ఒక్కో ఆకు చేర్చాడు. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య కూర్చునే పళ్ళెం నేను చేసిచ్చాను. చైన్ కప్పీకి వేలాడుతున్న అంత ఇనుమునీ ఒంటి చేత్తో, బిడ్డను ఉయ్యాల్లో వేసినట్టు దించాడు.

నా పాపం అంతకు ముందే జరిగింది. ఇంజిన్‌లో క్రాంక్ అని ఉంటుంది, పిస్టన్ల కడ్డీలన్నీ దాన్ని పట్టుకునే తిరుగుతాయి. వాటికోసం దాని మీద ఆరు మెడలుంటాయి. పాతబడ్డ మెడల్ని నున్నగా సానబట్టడం నా పని. ఐదో మెడ సానపడుతుండగా ఫోనొచ్చింది. కరెంటు బిల్లు గురించి మా ఆవిడ. నాలుగే మాటలు మాట్లాడాను. చూసుకునేసరికి ఐదో మెడ వెంట్రుకంత ఎక్కువ అరిగిపోయింది. కొలిచాను. నాకు తెలుసు. ఆరూ మళ్ళీ పట్టాలి, ఇంకో సైజు బేరింగులు ఢిల్లీ నుంచి రావాలి, నెల పడుతుంది. కార్తీక్ అప్పటికే కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుళ్ళో బండి పూజకు మంగళవారం పెట్టేసుకున్నాడు. పైగా అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళలో నేను పాడుచేసిన క్రాంక్ లేదు. ఆయిల్ పొరలో సర్దుకుంటుందిలే అని, మెరిసేలా రుద్ది ఇచ్చేశాను.

రామస్వామి కొలవలేదు. మా సందులో ఒకడు పట్టిన మెడ మీద ఇంకొకడు మైక్రోమీటర్ పెట్టడం అంటే తల్లిని తిట్టడంతో సమానం. గుడ్డలో చుట్టిన క్రాంకుని అలాగే కళ్ళకద్దుకుని తీసుకెళ్ళాడు.

మంగళవారం పొద్దున షెడ్డు ముందు ఇరవైమంది పోగయ్యారు. కార్తీక్ స్టూడెంట్లు నలుగురు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అండాలమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. కాయ కొట్టాక బండి గుడి చుట్టూ తిరిగొచ్చేదాకా దాని మీద చెడ్డ మాట అనకూడదు మా దగ్గర. కార్తీక్ తాళం తిప్పాడు. అందుకుంది. ఎంత మెత్తగా తిరిగిందంటే, కార్తీక్ ఐదు రూపాయల బిళ్ళ తీసి ఇంజిన్ మూత మీద అంచున నిలబెట్టాడు. బిళ్ళ పడలేదు! అందరూ చప్పట్లు.

ఆ చప్పట్ల అడుగున నాకు వినపడింది. టక్. టక్. టక్. సన్నగా, లోపల. ఐదోది.

రామస్వామి అరచెయ్యి ఇంజిన్ మీద ఉంది. కళ్ళు మూసుకున్నాడు. ఆ చేతికి ఏమీ అందడం లేదు, నాకు తెలుస్తూనే ఉంది. ఆయన భుజం నా చేతికి మూరెడు దూరంలో ఉంది. తట్టాలి. తడితే ఇంజిన్ ఆపుతాడు, విప్పుతాడు, ఐదో మెడ చూస్తాడు. ఇరవైమందిలో. కాయ కొట్టేశారు కదా, ఇప్పుడేం అంటాంలే అనుకున్నాను. అందరిలో తడితే ఆయన గుట్టు బయటపడుతుందేమో అని కూడా అనుకున్నాను. ఛీ! ఎంత చక్కగా దొరుకుతాయో సాకులు. నేను కాపాడుకున్నది నా పేరు.

ఆయన కళ్ళు తెరిచి నా వైపు చూశాడు. నేను నవ్వాను.

“సాఫ్ ఉన్నది!” అన్నాడు అందరితో. ఆ మొహంలో వెలుగు రెండేళ్ళుగా చూడలేదు నేను. అండాలమ్మ కళ్ళు తుడుచుకుంది.

కార్తీక్ నడిపాడు, రామస్వామి పక్కన కూర్చున్నాడు. నేను స్కూటర్ మీద వెనకే వెళ్ళాను. ఇంటికి పోయుండాల్సింది, కాళ్ళు ఆగలేదు. కర్మన్‌ఘాట్ రోడ్డెక్కేసరికి ఆ టకటక స్కూటర్ మీద ఉన్న నాకే వినపడుతోంది. ముందు కార్తీక్ తల తిప్పి ఏదో అడిగాడు. రామస్వామి తల ఊపాడు, చెయ్యి ముందుకు చూపించాడు, పోనీ అన్నట్టు. ఆ అబ్బాయి తొక్కాడు.

ఫటేల్‌మని పేలింది. కడ్డీ ఇంజిన్ గోడను చీల్చుకుని బయటికొచ్చింది. నల్లటి ఆయిల్ రోడ్డంతా పారింది. వెనక వస్తున్న బైకులు రెండు జారిపడ్డాయి, ఒకాయన మోచెయ్యి విరిగింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ మట్టి పోయించాడు.

కార్తీక్ తలుపు తోసుకుని దిగాడు. “సౌండ్ వస్తోంది ఆపమంటారా అని మూడుసార్లు అడిగాను! పోనీ పోనీ అన్నారు! ఏం మనిషండీ మీరు?”

రామస్వామి ఆ పెదాల వంక చూస్తున్నాడు. ఆ అబ్బాయి ఏడుస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ అరుస్తున్నాడు, ఈయనకు ఒక్క ముక్కా అందడం లేదు. అందక, ఎప్పటిలాగే తల ఊపాడు. చుట్టూ చేరిన జనంలోంచి ఎవరో అన్నారు, “అరే, ఆయనకు ఇనవడ్తలేదు భాయ్!” కార్తీక్ అరుపు ఆపి, ఆయన మొహం దగ్గర చిటికె వేసి, చెవి వెనక ఇంకో చిటికె వేశాడు. ఈయన కదల్లేదు. మా వెనకే వచ్చిన స్టూడెంట్ల ఫోన్లు తిరుగుతూనే ఉన్నాయి.

వారం లోపల ఎల్బీనగర్ దాకా పాకిపోయింది. చెవిటి ఉస్తాద్. ముందు ఇంజిన్లు ఆగిపోయాయి, తరవాత పంక్చర్ అతికించమని కూడా ఎవరూ రాలేదు. షెడ్డు కిరాయికి ఇచ్చేశారు. ఇప్పుడక్కడ మొమోలు అమ్ముతున్నారు. అండాలమ్మ చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. నేను ఒక్కరోజు కూడా వాళ్ళింటికి పోలేదు. పని ఎక్కువగా ఉందని మా ఆవిడతో చెప్పాను.

నెల తరవాత ఆయనే వచ్చాడు. భుజం మీద గుడ్డలో చుట్టిన క్రాంక్. కార్తీక్ దగ్గర అడుక్కుని, ఇంజిన్ తనే విప్పాడట. లేత్ పక్కన బల్ల మీద పడుకోబెట్టి, నా బొటనవేలు పట్టుకుని ఐదో మెడ మీదే, కడ్డీ తగలని చివర ఆనించాడు. కమిలిపోకుండా మిగిలిన చోటు అదొక్కటే. తరవాత ఆరోదాని మీద ఆనించాడు. మళ్ళీ ఐదు. ఐదోది సన్నగా తగిలింది.

“ఆ దినం ఇనవడ్డదా నీకు?”

అబద్ధం ఆడదామనుకున్నాను. ఆయన నా పెదాల మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాడు. తల ఊపాను.

“భుజం మీద ఎందుకు కొట్టలే?”

ఏం చెప్పను? బల్ల మీది ఇనప రజను చేత్తో ఊడ్చాను.

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. మెల్లగా క్రాంకుని మళ్ళీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. “నేను ఎవ్వలకు జెప్ప. జెప్తె ఏమొస్తది? నీ దుకాణం గూడ మూతవడ్తది. నా చెవులైతె రావు గద.”

ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. సిగ్గు లేకుండా, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. చెవులు పోయాక ఆయన మొహాలు చదవడం నేర్చుకున్నాడు, నా మొహంలో ఆ ఊరట మొత్తం చదివాడు. క్రాంక్ భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు, మళ్ళీ మా షాపు గడప తొక్కలేదు.