చల్లబడింది సముద్రం కాదు

మా నాన్న బళ్ళారి నుంచి తెక్కలకోట మీదుగా సిరుగుప్పకు పోయే బస్సు నడిపేవాడు. బస్సు ముందు, రెండు దీపాల మధ్య, ఒక కాన్వాసు సంచి వేలాడుతూ ఉండేది. అందులో తాగే నీళ్ళు. గుడ్డ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. బస్సు కదిలితే ఎదురుగాలికి ఆ చెమ్మ ఆరుతూ లోపలి నీళ్ళను చల్లబరిచేది. మా ఎండల్లో బస్సులకూ లారీలకూ కుండైనా కూజా అయినా అదే. బస్సు ఆగిన వెంటనే తాగాలి. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా ఆగితే నీళ్ళు మళ్ళీ మామూలైపోయేవి. ఈ సంగతి మా జిల్లాలో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. తర్వాత నా పరిశోధనకు గైడుగా ఉన్న ప్రొఫెసరుకు మాత్రం తెలియదు. తెలిసినప్పుడు ఒప్పుకోలేదు.

మేం బళ్ళారి గాంధీనగర్‌లో ఉండేవాళ్ళం. జూన్ నెలలో పడమటి నుంచి మబ్బులు వచ్చి, మా మీదుగా ఏదో పని ఉన్నట్టు తూర్పుకు పోయేవి. ఆ మబ్బులు అరేబియా సముద్రం నుంచి వస్తాయని బళ్ళో చెప్పారు. అయితే మా వాన సంగతి ఆకాశాన్ని కాదు, సముద్రాన్ని అడగాలని నాకప్పుడే తోచింది. ఫిజిక్సు చదివి, పరిశోధనకు పోతానన్నాను. సముద్రం మీద చదివి బళ్ళారిలో ఏం చేస్తావని మా మేనత్త అడిగింది. చేపలు పడతానన్నాను. ఆవిడ నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నేను చేరిన విశ్వవిద్యాలయం తూర్పు తీరంలో ఉంది. ఊరి పేరు రాయను. అరవైల మొదట్లో మాట. మన ఓడలూ బయటి దేశాల ఓడలూ కలిసి హిందూ మహాసముద్రాన్ని కొలవడానికి బయలుదేరిన రోజులు. మా గైడు పెద్ద పండితుడు, మంచి వక్త. సముద్రపు నీరు ఎంత వెచ్చగా ఉంటే గాలికి అంత ఆవిరి ఇస్తుంది, ఆ ఆవిరే మన వాన అని ఆయన చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాళ్ళం. పాత ఓడల వాళ్ళు దశాబ్దాలుగా రాసి పెట్టిన నీటి వేడిమి కొలతలన్నీ ఆయన సంపాదించాడు. వాటిని వరసగా పేర్చి, అరేబియా సముద్రం ఏళ్ళ తరబడి చల్లబడుతూ వస్తోందని, కాబట్టి బళ్ళారి, అనంతపురం లాంటి మెట్ట జిల్లాలకు వాన తగ్గుతూనే పోతుందని తేల్చాడు. ఆ లెక్కలు పూర్తి చేయడం నా పని. అదే నా సిద్ధాంత గ్రంథం కూడా.

ఒకరోజు ఓడల వాళ్ళు వాడే బకెట్టు మా గదికి తెప్పించాడు. తాడు కట్టి సముద్రంలోకి వదిలి, నీళ్ళు పైకి లాగి, అందులో థర్మామీటరు పెట్టి చూస్తారు. దాన్ని ముట్టుకోగానే నా చేతికి తెలిసిపోయింది. మా నాన్న బస్సు ముందు వేలాడే గుడ్డే అది.

"పూర్వం చెక్క బకెట్లు ఉండేవమ్మా. బరువని మానేశారు. ఇవి తేలిక" అన్నాడు గైడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏళ్ళ మీద ఒక్కో ఓడలో చెక్క పోయి గుడ్డ వచ్చింది. గుడ్డలో నీళ్ళు ఓడ మీది గాలికి చల్లబడతాయి. కొలిచేలోపే చల్లబడతాయి. ఏళ్ళ తరబడి చల్లబడింది సముద్రం కాదు, బకెట్టు. అదే మాట ఆయనతో అన్నాను.

"నువ్వెప్పుడైనా ఓడ ఎక్కావా?" అన్నాడాయన.

ఎక్కలేదు. ఎక్కిస్తారేమో అని దరఖాస్తు పెట్టాను. ఆడవాళ్ళకు వసతి లేదని జవాబు వచ్చింది. ఓడ ఎక్కనివ్వరు, ఎక్కలేదు కాబట్టి నీ మాట చెల్లదంటారు. ఇంత చక్కని ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ, ఆ కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వచ్చి, వడ్రంగి చేత చిన్న చెక్క బకెట్టు చేయించి, నాన్న సంచి పక్కన దాన్నీ కట్టాను. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి రెండింట్లో థర్మామీటరు పెట్టి చూసేదాన్ని. తుంగభద్ర కాలువ కింద వరి వేయడానికి కోస్తా నుంచి వచ్చి తెక్కలకోట దగ్గర స్థిరపడిన రైతు ఒకాయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏంటమ్మాయ్, నీళ్ళకి జ్వరం తగిలిందేటి?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. గుడ్డకూ చెక్కకూ తేడా మాత్రం నవ్వి ఊరుకునేంత చిన్నది కాదు.

ఆ తేడానే ఓడ కొలతలకు కలిపి గైడు ముందు పెట్టాను. ఆయన చూసి, "ఇది బళ్ళారి గాలమ్మా. పొడి గాలి. సముద్రం మీద గాలి తడిగా ఉంటుంది. అక్కడ గుడ్డ ఇంతగా ఎలా ఆరుతుంది?" అన్నాడు.

ఆయన అన్నది నిజం. చెమ్మ ఎరగని ఊళ్ళో పుట్టినవాళ్ళు చేసే పొరపాటే నేను చేశాను. గాలి అంటే మా గాలే అనుకున్నాను. ఆ అంకెలు కొట్టేసి, రెండు బకెట్లూ పట్టుకుని రేవుకు పోయాను. కట్ట చివర నిలబడి, గాలి ఉన్న రోజూ లేని రోజూ సముద్రపు నీళ్ళు తోడి కొలిచాను. ముసుర్లో, ఎండలో, జనం వింతగా చూస్తుంటే కొలిచాను. బస్సు మీద కనిపించినంత తేడా రాలేదు. కానీ వచ్చింది. గాలి పెరిగినకొద్దీ పెరిగింది. ఎప్పుడూ ఒకవైపే, గుడ్డ వైపే చల్లన. అదంతా ఒక అధ్యాయంగా రాశాను. ఆ తేడా తీసేస్తే సముద్రం చల్లబడిందనడానికి గట్టి ఆధారం మిగలదని చివర రాశాను.

గైడు చదివి, తప్పెక్కడుందో చూపించలేదు. "ఈ అధ్యాయం తీసేయ్. నేను సంతకం పెడతాను, పట్టా వస్తుంది. ఉంచితే నా సంతకం ఉండదు" అన్నాడు. ఆలోచించుకోమని సెలవిచ్చాడు.

బళ్ళారి వచ్చాను. నాన్న అప్పుడే డ్యూటీ దిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఏం పాపా, ఉన్నట్టుండి వచ్చినావు?"

చెప్పాను. ఆయన తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"దాంట్లో తప్పుండాదా?"

"లేదు నాయనా. ఉంటే యాడుండాదో చూపియ్యమన్నా. చూపియ్యలే."

"అయినా తీసేయ్ పాపా. స్వల్ప తగ్గితే ఏం పోతాది?"

ఆ మాట ఆయన నోట వస్తుందని నేననుకోలేదు. నా ముఖం చూసి మళ్ళీ ఆయనే అన్నాడు. "మనం చర్చి జనం అని నా సంచిలో నీళ్ళు ముట్టనోళ్ళు ఎంతమంది నా బస్సు ఎక్కుతాండారో నీకు తెల్దు. దప్పికతో నాలిక పిడచగట్టినా ముట్టరు. ఒక్కర్నైనా దిగిపొమ్మన్నానా? నోరు మూసుకోని సుమ్మనే ఉన్న్యా. సుమ్మనే ఉన్న్యా కాబట్టే నువ్వు చదువుకున్యావు."

ఆయన బాధపడుతూ అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఇన్నేళ్ళు నాకు ఆ సంగతి తెలియనివ్వలేదు.

"నా కోసం నువ్వు సుమ్మనే ఉన్న్యావు నాయనా. నేను ఎవరి కోసం ఉండాల?"

ఆయన లేచి లోపలికి పోయి, నాకు అన్నం పెట్టమని అమ్మతో చెప్పాడు. తిరిగి నేను రైలెక్కే రోజున మాత్రం స్టేషనుకు వచ్చి, "తీసేయొద్దులే" అన్నాడు. అంతే అన్నాడు.

తీసేయలేదు. గైడు సంతకం పెట్టలేదు. ఇంకో గైడు కోసం ఎన్ని తలుపులు తట్టినా, ఆయనతో మాకెందుకమ్మా అన్నారు. సామాను సర్దుకుని వచ్చి బళ్ళారిలోనే ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పడానికి చేరాను. పట్టా వచ్చి ఉంటే సంతోషించేదాన్ని, దాచుకోను. దాని కోసం ఏడ్చిన రోజులున్నాయి. తీసేసి ఉంటే బాగుండేదని ఏడ్చిన రోజు ఒక్కటీ లేదు.

చేరిన కొత్తలో కాలేజీ వార్షికోత్సవం జరిగింది. సముద్రం మీద పరిశోధన చేసి వచ్చానని ఎవరో చెబితే, ప్రిన్సిపాలు మైకు ముందు నన్ను డాక్టరు గారని పరిచయం చేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. లేచి మైకు అందుకున్నాను.

"నేను డాక్టరును కాదు. ఇయ్యలేదు. యాల ఇయ్యలేదో వినాలంటే చెప్తా, స్వల్ప పొద్దు పడతాది."

ప్రిన్సిపాలు గొంతు సవరించుకుని, ఇంకా పాటల కార్యక్రమం ఉందని మెల్లగా గుర్తు చేశాడు. పిల్లలు కదల్లేదు. నేను బకెట్టు దగ్గర నుంచి మొదలుపెట్టాను.