తామరలంకలో కుట్టుమిషనుకి పెట్టిన పరీక్ష

నేను తాడేపల్లిగూడెంలో ఆడపిల్లలకి కుట్టుపని నేర్పే టీచర్ని. కొల్లేటి మధ్య ఉన్న తామరలంకలో నా పాత విద్యార్థిని మార్తమ్మ ఉంది. చేపల వేట లేని నెలల్లో అక్కడి ఆడవాళ్లకి కుట్టుపని చూపించాలని దాని పట్టుదల. నేను పంపిన మిషనుని ఊరివాళ్లు రెండుసార్లు తిప్పి పంపేశారు. ఈసారి నేనే తీసుకెళ్లి అక్కడ పెట్టి రావాలని బయల్దేరాను.

పొద్దున్న పాసింజరులో భీమడోలు దిగి, ఎడ్లబండి మీద గుండుగొలను దాటి రేవు చేరేసరికి ఎండెక్కింది. దోనెలో మనిషికి అణా, మిషనుకి ఇంకో అణా. దోనె నడిపే సుబ్బయ్య గడ వేస్తూ, "ఇదీ తిరిగొచ్చేదేనాండీ?" అన్నాడు.

"రాదండీ," అన్నాను.

ఆ ఊరి కోపానికి కారణం ఉంది. చేలల్లో నిలిచిన నీళ్లు తోడటానికి ఆయిల్ ఇంజను కొనుక్కుని, ఉన్న ఏతాలు పీకేశారట. ముంపు రోజుల్లో అది ఆగిపోయింది. ఏలూరు నుంచి మెకానిక్కు వచ్చేలోగా చేలన్నీ కుళ్లిపోయాయి. అప్పట్నుంచి ఊళ్లోవాళ్లు విప్పి బిగించలేని యంత్రం ఏదీ ఊళ్లో ఉండకూడదని కట్టుబాటు.

"రేపు అన్నిటికీ యంత్రాలే వస్తాయి, రానివ్వండి. మనం మాత్రం వాటి చేతికింద ఉండకూడదండీ," అన్నారు ఊరిపెద్ద నాగరత్నంగారు, నేను దోనె దిగగానే మిషను చూసి.

నేను ఆ సంగతి తెలిసే, ఏలూరులో ఓ దర్జీ దగ్గర మిషను విప్పి బిగించే పని నేర్చుకుని వచ్చాను. చాప పరిచి ఊరందరి ముందూ మిషనంతా విప్పేశాను. బిగించబోతుంటే నాగరత్నంగారు ఆవిడే వచ్చి ఆపారు. "మీరు రేపు వెళ్లిపోతారు కదండీ. మార్తమ్మ బిగించాలి."

మార్తమ్మ చాప మీదికొచ్చి కూర్చుంది. నేను పక్కన కూర్చుని నోటితో చెబుతుంటే ఒక్కొక్కటే బిగించింది. కుట్టబోతే దారం తెగింది. కొందరు నవ్వుతూ లేచారు.

"కూర్చోండండీ, మళ్లీ విప్పుతాను," అంది మార్తమ్మ.

ఈసారి నేను నోరు మెదపలేదు. లోపల దారం చుట్టిన బాబిన్ తిరగేసి పెట్టినట్టు తనే కనిపెట్టి సరిచేసింది. తెరచాప గుడ్డ మీద కుట్టు తిన్నగా సాగింది. నాగరత్నంగారు దాన్ని రెండు చేతులా పట్టి లాగారు. ఊడలేదు.

"ఉంచండి," అన్నారు.

మర్నాడు తిరిగొస్తుంటే, ముందు రెండుసార్లూ పంపేసినందుకు నాకు వాళ్లమీద కోపం రాలేదు. అప్పుడే ఉంచుకుని ఉంటే మొదటి దారం తెగిన రోజునే అది మూలపడేది. మీరు వెళ్లాలనుకుంటే మధ్యాహ్నంలోగా రేవు చేరండి, గాలి లేస్తే దోనెలు కదలవు. వెంట యంత్రమేదైనా తీసుకెళితే, నేర్పి రావడానికి ఒక రోజు ఎక్కువే ఉంచుకోండి.