అందరి ఇళ్లవైపూ చూసిన రేకుపళ్లెం

మొన్న మా మరిదిని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపి వస్తుంటే, కంచె అవతల కర్రకు కట్టిన ఎర్ర గుడ్డగొట్టం గాలికి ఉబ్బి కనిపించింది. గాలి ఎటు వీస్తోందో విమానాలు నడిపేవాళ్లకు చెప్పడానికట. కారు ఆపమన్నాను. ఇక్కడ ఆపకూడదన్నాడు డ్రైవరు. సరే, చేసేదేముంది, మెడ నొప్పి పుట్టేదాకా వెనక్కి తిరిగి చూశాను.

తొంభైల్లో ఇక్కడంతా బండలూ జొన్నచేలే. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన మా పెద్దనాన్న, స్థలం చవగ్గా దొరికిందని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. నేను ఆయన దగ్గరుండి చదువుకునేదాన్ని. పెద్దమ్మ పోయాక ఆయన కుంచె ముట్టలేదు. వరండాలో కూర్చుని, ఆరేసిన బట్టల్ని గాలి ఎత్తుకుపోతుంటే చూసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి "ఈ గాలి మొహం ఎలా ఉంటుందో చూడాలే" అని లేచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. నూనె డబ్బాలు కత్తిరించి, పాత సైకిలు చక్రానికి బిగించి, పొడుగు కర్రకెక్కించి, పంచాయతీవాళ్లను అడిగి, జనం బస్సు కోసం నిలబడే బండ మీద పాతించాడు. చిన్న రేకులు గిరగిరా తిరిగేవి. పైనున్న పెద్ద రేకుపళ్లెం గాలి ఎటుంటే అటు మొహం తిప్పేది. గాలి దూరిపోవడానికి దానికి రెండు కన్నాలు కూడా పెట్టాడు మహానుభావుడు! చిక్కంతా అక్కడే వచ్చింది.

కొత్త ఇళ్లకు కట్టే దిష్టిబొమ్మ అనుకున్నారంతా, అది ఎవరింటివైపు చూస్తే మా దిష్టి వాళ్లకు పోతుందని. మాకు పాలు పోసే అక్క తెల్లారేసరికి గుమ్మంలో ఉంది.

"ఏంది సారూ, గది గుడ్లేసుకొని మా ఇంటి దిక్కే సూస్తుంది? నిన్నటి సంది మా బర్రె పాలియ్యలే!"

"అది చూడటం లేదమ్మా. గాలికి తిరుగుతోందంతే."

"గాలికి కండ్లుంటయా?"

పెద్దనాన్న రేపు పీకేస్తానని చెప్పి, పనిముట్లన్నీ గోనెసంచిలో కట్టేశాడు. ఈసారి కట్టేస్తే ఇక విప్పడని నాకు తెలుసు.

ఆ సాయంత్రం వానగాలి లేచింది. పళ్లెం ఊరంతా కలయజూసింది. మర్నాడు మేం నిచ్చెన మోసుకుని వెళ్లేసరికి అక్క బండ దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఎర్రచీర ముక్కతో.

"నిన్న నీ ఇంటి దిక్కు గూడ సూసింది సారూ. దిష్టి పంపేటోడు తన ఇంటికి పంపుకుంటడా? పాపం, దానికేం తెల్వది. ఇగ తియ్యకు. జర గీ గుడ్డ కట్టు, దూరంకెల్లి గూడ గాలి కనవడ్తది."

పెద్దనాన్న కళ్లు తుడుచుకున్నాడు. గుడ్డ కట్టాడు. ఇంటికొచ్చి సంచి విప్పి, కుంచె ఎక్కడుందే అని నన్నడిగాడు. ఆ అక్కకు దణ్ణం పెట్టాలనిపించింది నాకు. బర్రె ఆ పొద్దునే, ఆవిడ బండ దగ్గరికొచ్చేముందే, పాలిచ్చిందట. ఆ సంగతి మాత్రం ఆవిడ చాలా రోజులకు గానీ ఒప్పుకోలేదు.

ఎండకు ఆ ఎరుపు వెలిసి తెల్లబడేది. అక్క ఏటా పాతది విప్పించి తన చీరలోంచే కొత్తముక్క ఇచ్చేది. గాలిని నాకు పెద్దనాన్న చూపించాడు. కాలాన్ని చూపించింది మాత్రం, ఏడాదికో చీర చింపిన ఆ అక్కే.