మొదటిదొక్కటే చూసిన నా ప్రోగ్రాం

మా హోసూరు ఫ్యాక్టరీలో నేను రాసిన ప్రోగ్రాం ఈ రోజే మొదలైంది. కొలతల యంత్రం పంపే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో మొదటి రిజెక్ట్ పార్టును పట్టుకుని తెర మీద చూపడం దాని పని. అప్పుడు చెడడం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. మధ్యాహ్నం దాకా తెర మీద 'రిజెక్ట్ లేదు' అనే ఉంది. పొంగిపోయి మేనేజరుకు మెసేజ్ కూడా పెట్టేశాను.

భోజనాలయ్యాక ఇన్‌స్పెక్షన్‌లో చేసే మునెమ్మక్క వచ్చింది.

"ఏమప్పా, నీ కంప్యూటరు ఒకటీ లేదంటా ఉంది. ఆడ నా ఎర్ర ట్రేలో రిజెక్టువి ఏడు పడుండాయే?"

చూస్తే, ఆ ఫైల్లో వెతకడానికి ఎక్స్‌పాత్ భాషలో రాసిన ఫిల్టర్లు రెండూ సరైనవే, వరుసే తప్పు. రిజెక్టయినవి ఏరి వాటిలో మొదటిది తీయమనాల్సింది పోయి, మొదటి పార్టును తీసి అది రిజెక్టా అని అడిగాను. మొదటి పార్టును, యంత్రాన్ని సిద్ధం చేసే సెట్టర్ దగ్గరుండి చేయిస్తాడు, అదెందుకు చెడుతుంది? అక్కకు అదే చెప్పాను.

"పైనున్న టమోటా చూసి బుట్టంతా కొన్నట్ల," అంది.

ఫిల్టర్ల వరుస మార్చగానే ఆ ఏడింటిలో మొదటిది తెర మీదికొచ్చింది.

సాయంత్రం ఇంటికెళ్తూ సూళగిరిలో బస్సు దిగి రెండు కిలోల టమోటాలు కొన్నాను. ఇంట్లో మా ఆవిడ సంచి అడుగున చెయ్యి పెట్టి, మెత్తబడినవి నాలుగు తీసి నా ముందు వరుసగా పెట్టింది.

మీలో అడుగు దాకా చూసి కొనేవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే మా ప్రోగ్రాం కూడా ఒకసారి చూసిపెట్టండి.