ఎర్ర అరుగు మీద గుండ్రటి గుర్తులు

నేను నోరు తెరిస్తే సగం వెటకారం, సగం అబద్ధం అని నాగర్‌కర్నూల్‌లో మా గల్లీ అంతా అంటుంది. ఒప్పుకుంటాను. కానీ ఇది మాత్రం నా బ్రష్ మీద ఒట్టు... నాకు అన్నం పెట్టింది ఆ బ్రష్ ఒక్కటే. దాని మీద దొంగ ఒట్టు పెట్టను.

నా పేరు శ్రీశైలం. ఏడో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందన్నా తప్పు లేదు. చదువు అబ్బకపోయినా అక్షరాలను అందంగా గీయడం వచ్చింది. బోర్డులు రాసి బతికాను. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. ఇక చూడండి, నా బ్రష్‌ల కన్నా నేనే ఎక్కువ ఎండిపోయాను.

అలాంటి రోజుల్లో వనపర్తి దగ్గర ఒక చిన్న కాలేజీ నుంచి పిలుపొచ్చింది. పేరు చెప్పను. అక్కడ పాతవి నాలుగే: రాతి కమాను, నీళ్లు లేని దిగుడుబావి, గంటకు బదులు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, ఇప్పుడు తరగతులు నడిచే ఒక రాతి చావడి. మిగిలినవన్నీ రేకుల షెడ్లు. మర్నాడు పది గంటలకు హైదరాబాదు నుంచి తనిఖీ సార్లు వస్తున్నారు. నాలుగింటి చరిత్రనూ గోడల మీద చేత్తో రాయాలి. చావడి ముందున్న పొడుగాటి అరుగుకు ఎర్ర రంగు వేయాలి.

"మంచిగ జేస్తే ఈడ బోర్డులన్నీ నీకే. చెడగొట్టినవో, ఫ్లెక్సీ కొట్టిస్త" అన్నాడు ప్రిన్సిపాల్.

ఆ ఒక్క మాటకు ఒళ్లంతా చేతులు చేసుకుని మొదలుపెట్టాను. మూడు బోర్డులు చకచకా అయిపోయాయి. చావడి దగ్గరే తిప్పలు. చరిత్ర చెప్పే మేడం ఇచ్చిన కాగితంలో 'కరువు రోజుల్లో జనానికి గంజి పోసిన చావడి' అని ఉంది. అలాగే రాశాను.

ప్రిన్సిపాల్ వచ్చాడు. "గంజి గింజి ఏంది? వచ్చేటోళ్లు ఏమనుకుంటరు? తుడువు. గుర్రాల శాల అని రాయి."

రాశాను. నాలుగింటికి మళ్లీ వచ్చాడు. "గుర్రాలు కట్టేసిన జాగల పిల్లల్ని కూసోబెట్టినమని మనమే రాసుకుంటమా?"

"గుర్రాలకన్న ఎక్కువనే ఎగురుతున్నరు గద సార్" అన్నాను. నవ్వలేదు.

పొద్దు గూకాక ఇంకో మాట. "రాజావారి విడిది గృహం అని రాయి."

"ఏ రాజు సార్?"

"రాజు రాజే. నువ్వు రాయి."

మేడం పక్కనే ఉంది. తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. రంగు తుడిచే టర్పెంటైన్ సగమే అయింది, నా ఓపిక మాత్రం మొత్తం అయిపోయింది.

అందరూ వెళ్లిపోయారు. రాత్రి పదింటికి విడిది గృహం పూర్తయింది. తర్వాత అరుగు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెనక్కి వెనక్కి నడుస్తూ నూనె రంగు వేశాను. చలికాలం... తెల్లారినా ఆరదు. అప్పుడే వచ్చాడు వాచ్‌మన్ చంద్రయ్య తాత. చేతిలో అంబలి గిన్నె. గోడ పట్టుకుని వంగి అరుగు మీద పెట్టబోయాడు.

"ఏడ వెడ్తవ్ తాతా! రంగు పచ్చిగున్నది."

"జర మూలకు పెడత బిడ్డా. రోజూ పెడత."

"ఎవరికి?"

"నాకేం తెల్సు? మా నాయిన పెడుతుండె, నేను పెడుతున్న. కరువుల ఈ అరుగు మీద గిన్నెలు వరసగ పెట్టుకొని కూసునేటోళ్లంట. ఆ రైలు పట్టా మోగినంకనే గంజి పోసుడు. మోగేదాక కొందరి పానం ఆగలేదంట..."

నాకు పొద్దటి కోపమంతా ఆ గిన్నె మీదికి వచ్చింది. "పొద్దటి సంది రెండుసార్లు తుడిచిన. ఇగ నీ గిన్నె మరక గూడ నేనే తుడవాల్నా? ఈ ఒక్క రాత్రి ఉపాసం ఉండుమను, పో!"

జోకే వేశాననుకున్నాను. తాత నా మొహం చూశాడు. "ఆ మాట వాళ్లకు నువ్వే జెప్పుకో" అని గిన్నెతో గేటు పక్క గదికి వెళ్లిపోయాడు.

అరుగు చివర బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాను. అరుగు నా వీపు వైపు. టిఫిన్ డబ్బా తెరిచాను. రెండు జొన్న రొట్టెలు. ముక్క తుంచబోతుంటే కరెంటు పోయింది.

మామూలే కదా అనుకున్నాను...

టక్.

అరుగు ఆ చివర. రాతి మీద గిన్నె పెట్టిన చప్పుడు.

తాతేమో అనుకున్నాను. "తాతా, పెట్టొద్దన్న గద!"

టక్... ఇంకాస్త ఇటు. టక్... ఇంకాస్త.

అడుగుల చప్పుడు లేదు. దగ్గు లేదు. మాట లేదు. ఒకటి పెట్టాక ఇంకొకటి, తొందర లేకుండా, వరసలో తమ వంతుకు కూర్చుంటున్నట్టు... ఇంతసేపూ ముక్కు పగలగొట్టిన రంగు వాసన ఒక్కసారిగా పోయింది. ఎండిన మట్టి వాసన.

"ఎవరు రా? సీనియర్లా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

టక్... టక్... నా దగ్గరికి వస్తోంది. తల తిప్పాలి. తిప్పలేకపోయాను. మెడ నాది కాదు.

చివరిది సరిగ్గా నా వెనక. అది టక్ కాదు... టిక్. చిన్నది.

ఆ తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నేను ఇప్పటికీ మర్చిపోలేను. వెనకాల ఎవరో ఎదురుచూస్తుంటే తెలుస్తుంది చూడండి... అలా.

దేనికి ఎదురుచూస్తున్నారో అప్పుడు తట్టింది. టిఫిన్ డబ్బాను రొట్టెలతో సహా, వెనక్కి చూడకుండా, అరుగు మీదికి నెట్టాను. లేచి ఉరికాను. చేతికి దొరికిన రాయితో రైలు పట్టాను ఒక్క దెబ్బ కొట్టాను. ఖణ్... ఆగకుండా తాత గదిలోకి పోయి పడ్డాను.

తాత మేలుకునే ఉన్నాడు. "పట్టా కొట్టింది నువ్వేనా?"

"నేనే తాతా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"నాకు రెండుసార్లు ఇనొచ్చింది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారాక వెళ్లి చూశాను. అరుగు పొడుగునా, పచ్చి ఎర్ర రంగులో, గుండ్రటి గుర్తులు. పెద్దవి, చిన్నవి, ఒకటి కొంచెం సొట్ట. నా టిఫిన్ డబ్బా పెట్టినచోటే ఉంది. మూత వేసి ఉంది. నేను వేయలేదు. లోపల కడిగినంత శుభ్రం.

ప్రిన్సిపాల్ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "డబ్బాలు పెట్టి నాశనం జేసినవ్ గదనయ్యా!"

"నా దగ్గర ఉన్నయే రెండు రంగు డబ్బాలు సార్. ఇన్ని సైజులు యాడికెళ్లి తేవాలె?"

తిరిగి వేసే టైము లేదు. సార్లు రానే వచ్చారు. వాళ్లలో ఒకాయన అరుగు ముందు ఆగి, "చాలా బాగుంది, ఇదేం డిజైన్?" అన్నాడు.

ప్రిన్సిపాల్ తడుముకోలేదు. "రాజుల కాలం నాటిది సార్."

మేడం నా వైపు చూసింది. ఎప్పుడూ మూతపడని నా నోరు అప్పుడే మూతపడింది. ఆ కోపం నా మీద నాకే, ఇంకా దిగలేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ భుజం తట్టాడు. "గదే డిజైన్ కొత్త షెడ్లకు గూడ ఎయ్యి. బోర్డులన్నీ నీకే."

"నాకు రాదు సార్" అన్నాను. నిజంగానే రాదు. వచ్చినా వేయను. నెల తిరక్కుండా కాలేజీ అంతా ఫ్లెక్సీలు. చావడి మీద కూడా ఒకటి... నా అక్షరాల మీదనే, రాజావారి విడిది గృహం.

మీరేమంటారో తెలుసు. తాత చేశాడంటారు. వంగడానికే ఆయనకు గోడ కావాలి. కుక్క తిన్నదంటారు. తిని మూత పెట్టే కుక్కను నాకూ చూపించండి. పిల్లల తుంటరి పనేమో... అయ్యుంటే బాగుండు.

నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. ఉపాసం ఉండుమను అన్నది నేనే. ఆ చివరి గుర్తు అన్నిటికన్నా చిన్నది, పసిపిల్ల పట్టుకునే గిన్నె అంత. నా వీపుకు జానెడు దూరంలో. గుర్తులేమో అరుగు పొడుగునా ఉన్నాయి. నేను పెట్టింది రెండు రొట్టెలు...

ఎవరు తిన్నారో, ఎవరికి అందలేదో... నాకు తెలియదు.