పుట్టింటి కారానికి పరీక్ష

మా ఇంట్లో లేని జబ్బుకి కూడా నా ఫోనులో మందు ఉంటుంది. మాడిన గిన్నెకి ఉల్లిపాయ తొక్కలు, నల్లబడ్డ వెండికి పళ్ళపొడి, గుడ్డు పాడైందో లేదో తెలియాలంటే నీళ్ళలో వేసి చూడడం, ఎక్కడో మంచు పడే దేశంలో ఒక పిల్లి తలుపు గంట కొట్టి ఇంటివాళ్ళని పిలవడం, అన్నీ అందులోనే. తమిళనాడులో మా విరుదునగర్ ఎండకి మధ్యాహ్నం మా వీధి వీధంతా తలుపులు వేసుకుంటుంది. ఆ వేళకి నేను ఫోను తెరుస్తాను. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆ ఫోనే. మా ఇళ్ళలో తెలుగు నోట ఉంటుంది గాని చేతిరాతలో ఉండదు. బడిలో చదివింది తమిళం. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, కాస్త తీరిక దొరికి, వీడియోలు చూస్తూ అఆలు దిద్దుకున్నాను. దాంతో నాకు తెలియనిది లేదన్న పొగరు కూడా తలకెక్కింది.

చూసి ఊరుకుంటే ఏ గొడవా లేదు. నాకు చూసినదల్లా నలుగురి ముందూ చేసి చూపించాలి. పూలకుండీలో అగ్గిపుల్లల్ని తలకిందులుగా గుచ్చితే పురుగు చస్తుందని ఫోనులో ఒకామె చెప్పింది. కోవిల్‌పట్టి పక్క పల్లెలో, ఇంటింటా అగ్గిపెట్టెలు చేసేచోట పుట్టినదాన్ని, నాకు అగ్గిపుల్లలు కరువా? పెట్టెలో ఉన్నవన్నీ గుచ్చేశాను. పురుగు సంగతి తెలియదు, కరివేపాకు మొక్క మాత్రం చచ్చింది. "చెట్టుకు కొరివి పెట్టేస్తివే" అన్నారు మా ఆయన. నేనూ నవ్వాను. అలాంటివి నవ్వులో పోయాయి. కారం సంగతి అలా పోలేదు.

మా అమ్మ పోయాక కూడా నాకు పుట్టింటి కారం ఆగలేదు. ఏటేటా ఎండలు ముదిరే వేళకి మా వదిన, అంటే మా అన్న భార్య, బస్సెక్కి వచ్చి ఏడాదికి సరిపడా కారం నా చేతిలో పెట్టి వెళ్తుంది. మా వైపు ఆడపిల్లకి పుట్టింటినుంచి వచ్చే కారం సొంత చేలోదే అయివుండాలి. మా నల్లరేగడిని మేం కరిసల్ అంటాం. బావీ కాలువా లేని, వాననే నమ్ముకున్న నేల. అందులో కాసిన మిరపకాయల్ని ఎండబెట్టి, తొడిమలు తీసి, కాస్త నువ్వులనూనె చేత్తో పామి, మరలో ఆడించి తేవాలి. "కొని ఇస్తే అది సరుకు. పండించి ఇస్తేనే పుట్టిల్లు" అనేది మా అమ్మ. ఆ మాటని నాకంటే గట్టిగా వదినే పట్టుకుంది. పెద్ద ఆపరేషన్ అయిన ఏడాది కూడా అన్న చేత పంపలేదు, కుట్లు మానాక తనే వచ్చి ఇచ్చింది.

నిరుడు కూడా వచ్చింది. ఎప్పటి పసుపుపచ్చ గుడ్డసంచీయే, దాని మూతికి ఎప్పటి పురికొసే. మామూలుగా అయితే చెప్పులు విడవగానే మూతి విప్పి "వాసన చూడు పాపా" అనేది. ఇంత వయసొచ్చినా ఆమెకి నేను పాపనే. ఆ రోజు సంచీ వంటింటి గట్టు మీద పెట్టి, "కాఫీ పెట్టు పాపా, తల నొస్తా ఉండాది" అని కూర్చుంది. నేను పట్టించుకోలేదు.

అంతలో పక్క వాటాలోంచి మా తోడికోడలు వచ్చింది. మా ఆయన తమ్ముడి భార్య. ఆమె కారం అంగట్లో కొన్న ప్యాకెట్. గట్టు మీద సంచీ చూసి, "ఇప్పుడంతా ఎవరక్కా మరకు పోయి ఆడించేది? ప్యాకెట్టులో శుద్దంగా వస్తా ఉండాది కదా" అంది. ఆమె మామూలుగానే అంది. నాకే ఎక్కడో కాలింది. మా అమ్మ ఇంటి కారం శుద్ధం కాదనా?

అంతకుముందే ఒక వీడియో చూసివున్నాను. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, పైన చిటికెడు కారం చల్లాలి. మంచిదైతే పైన తేలి, నిదానంగా దిగుతుంది. రంగు కలిపిందైతే చల్లగానే ఎర్రటి చారలు కిందికి జారతాయి.

"నీ ప్యాకెట్టు ఎత్తుకొని రా. మా అమ్మ ఇంటి కారం పక్కన పెట్టి చూపిస్తా" అన్నాను.

వదిన కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "ఏటికి పాపా ఇదంతా?"

"నువ్వు కూర్చో వొదినా. నీ కారం ఎట్లాంటిదో ఆమెకూ తెలియాల."

"వొద్దు పాపా. ఇంకోనాడు చూసుకో. నేను పోయినంక చూసుకో."

బతిమాలుతోందని ఆ గొంతు వింటేనే తెలియాలి. నేను వినలేదు. నలుగురిలో పొగడ్తకి సిగ్గుపడుతోందనుకుని, నవ్వుతూ పురికొస విప్పాను.

ముందు తోడికోడలి కారం చల్లాను. అది పైనే తేలింది. తర్వాత మాది. చిటికెడు నా వేళ్ళలోంచి జారిందో లేదో, ఎర్రటి దారాలు గ్లాసు అడుగుదాకా దిగిపోయాయి. చూస్తుండగానే నీళ్ళు దిష్టి తీసే ఎర్రటి ఆరతి నీళ్ళలా అయిపోయాయి.

కొరివితో తల గోక్కోవడమంటే అదే. అప్పుడైనా నోరు మూసుకున్నానా?

"ఇది ఎక్కడ కొంటివి వొదినా?" అనేశాను.

నా కోపం రంగు కలిపినవాడి మీద కాదు. తోడికోడలి ముందు నన్ను చిన్నబుచ్చిందని వదిన మీద. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి.

"సంతలో పాపా" అంది వదిన, తన కాళ్ళకేసి చూసుకుంటూ.

తోడికోడలు ఆ మాట వింది. విని కూడా, "మీ కరిసల్ మిరక్కాయకు రంగు జాస్తి కదక్కా, అదే దిగింది. ఈ వీడియోలంతా ఉత్త కత" అని, తన ప్యాకెట్ మడిచి పట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరి ముందు గొప్పలు పోదామనుకున్నానో ఆమే మా పరువు కప్పి పోయింది.

ఆమె వెళ్ళాక వదిన చెప్పింది. "పూత మీద వాన కొట్టె పాపా. ఒక కాయ నిలవలేదు. ఈ ఏడు పోవద్దులే అనె మీ అన్న. ఉత్త చేతులతో ఎట్ల వచ్చేది? అత్త ఉంటే అట్ల వచ్చునా? ఇంట్లోకని పాత కారం కొంచెం ఉండె. మన కారం వాసన రావాలని అదంతా ఇందులో కలిపేస్తి."

మరి మీ ఇంట్లోకి ఏముందని నేను అడగలేదు. ఆ ప్రశ్న నాకు బస్సు కదిలాక తట్టింది. క్షమించమని అడిగే అలవాటు మా ఇళ్ళలో లేదు, అందుకు మాకు మాట కూడా లేదు. "అన్నం తిని పో వొదినా" అన్నాను. తింది. నేను వడ్డించిన దాంట్లో సగం వదిలేసింది. వెళ్ళేటప్పుడు సంచీ మూతి మళ్ళీ కట్టుకుంది. "ఇది వొద్దు పాపా, రంగు. పిల్లలు తింటారు" అంది. బస్టాండు దాకా నడిచాను. నేను మోస్తానంటే సంచీ ఇవ్వలేదు. ఆమె మొహంలోకి చూడడానికి సిగ్గేసి, దారి పొడుగునా ఆ పసుపుపచ్చ సంచీనే చూస్తూ నడిచాను.

ఆ ఏడాదంతా అంగడి కారమే వాడాను. ఫోనులో ఏ చిట్కా కనబడినా వేలితో పైకి తోసేసేదాన్ని. మాట్లాడినప్పుడల్లా వదిన బాగానే మాట్లాడేది. అన్న కీళ్ళనొప్పులు, మేక ఈనడం, బస్సుల రద్దీ, అన్నీ చెప్పేది. కారం మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

ఈ ఏడు వాన అదనులో కురిసింది, చేను కాసింది. వదిన వచ్చింది. గుమ్మంలో ఉండగానే ఘాటుకి నాకు తుమ్ము వచ్చింది. ఆ తుమ్ముకి నాకు కలిగిన సంతోషం చెప్పలేను. నిరుటి సంగతి తీరిపోయిందనుకున్నాను. రెండు చేతులూ చాచాను.

వదిన ఇవ్వలేదు. సంచీ చంకలో పెట్టుకునే వంటింట్లోకి వెళ్ళి, అరలోంచి గాజు గ్లాసు తీసి, నీళ్ళు పట్టింది.

"వొద్దు వొదినా" అన్నాను. ఈసారి బతిమాలింది నేను.

ఆమె మొహంలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. బయటినుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నంత మామూలుగా చేస్తోంది. పురికొస విప్పి, చిటికెడు తీసి, నీళ్ళమీద చల్లింది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

"చూడు పాపా" అంది.

నేను చూసేదాకా సంచీ నా చేతికి ఇవ్వలేదు.