మేనమామ వేయాల్సిన మాల

మా వాళ్ళకు ఆడపిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మాల వేసే సందర్భాలు రెండే తెలుసు. పెద్దమనిషి అయినప్పుడు ఒకటి, పెళ్ళికి ఒకటి. వ్యవసాయ డిగ్రీ పుచ్చుకుని ఇంటికొచ్చిన పిల్లను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో మా తెలుగు ఇళ్ళు ఇక్కడొకటి అక్కడొకటిగా ఉంటాయి. వాటన్నిటిలో ఆ చదువు చదివిన మొదటి ఆడపిల్లను నేనే. "దున్నేదానికి గూడా పట్టా ఇస్తారా?" అని ఎగతాళి చేసిన పెద్దలే "ఊరికే వదిలేస్తే ఎట్లా, ఏమన్నా చెయ్యాల" అని పట్టుబట్టారు. చివరికి పెద్దమనిషి వేడుక పద్ధతినే తెచ్చి దీనికి అతికించారు. అదే కుర్చీ, అదే మాల. నాకు ఒళ్ళు మండిపోయింది. డిగ్రీ చదివొచ్చాక మళ్ళీ ఆ కుర్చీ ఎందుకని అరిచాను. నా అరుపు ఎవరు విన్నారు గనక!

కాలేజీలో పట్టాల పండగ అప్పటికే అయిపోయింది. ఆ ఎండలో నల్ల గౌను వేసుకుని చెమటతో ముద్దయిపోయాను. నాన్న నా పక్కన నిలబడి ఫొటోకు నవ్వమంటే ఊపిరి బిగబట్టాడు. అమ్మ మాత్రం హాల్లో కూర్చున్నంతసేపూ తలుపు వైపే చూసింది. బయటికొచ్చాక, "ఇది వాళ్ళ పండగ. మీ మామ మాలేస్తేనే మనకు పండగ" అంది. అప్పటికి అమ్మ తన అన్నతో మాట్లాడి ఏళ్ళు గడిచిపోయాయి.

అన్నంటే అమ్మకు ప్రాణం. వాళ్ళ అమ్మానాన్న చిన్నప్పుడే పోతే పెంచి పెళ్ళి చేసింది ఆయనే. పుట్టింటి వైపు నుంచి కాకి వచ్చి వాలినా పిలిచి అన్నం పెట్టే మనిషి మా అమ్మ. నేను పెద్దమనిషి అయినప్పుడు పచ్చి కొబ్బరాకులతో గుడిసె కట్టింది మామే. తొలి మాల వేసిందీ ఆయనే. ఆ హక్కుతోనే, నేను ప్లస్ టూ ముగించగానే తన కొడుక్కి నన్ను అడిగాడు. మా దాంట్లో మేనమామ అడిగితే కాదనరు. అమ్మ కాదంది. "పాప సదవాల అన్నా" అంది, అంతే. "అయితే సదువునే అన్నా అని పిలుచుకో" అని లేచి వెళ్ళిపోయాడు మామ. మళ్ళీ మా గడప తొక్కలేదు.

వేడుకకు ముందు అమ్మ తాంబూలం పళ్ళెం పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని విరుదునగర్ వెళ్ళింది. మామది అక్కడ మిరపకాయల మండీ. వీధిలో అడుగుపెట్టగానే ఘాటుకు గొంతు పట్టేసింది. దగ్గుతూనే లోపలికి వెళ్ళాం. మామ బస్తాల మధ్య కూర్చుని తలెత్తలేదు.

"అన్నా, పాప సదువు ముగించింది. ఆదివారం కోయిల్పట్టిలో మండపం పట్టినాము. నువ్వొచ్చి మాలెయ్యాల."

"ఎవురికి? అగ్రికల్చరు ఆఫీసరమ్మకా?"

"నీ మేనకోడలికి."

అప్పుడు నావైపు చూశాడు. "ఏం పాపా, మిరపచెట్టుకు ఏం తెగులొస్తే ఏం కొట్టాలో సదివినావా?"

"చదివాను మామా."

"మామకు తెగులొస్తే ఏం కొట్టాలని సదవలేదే?"

అమ్మ ఏడుస్తూనే నవ్వేసింది. మామ నవ్వలేదు గానీ, పనివాణ్ణి పిలిచి మాకు రెండు కలర్ సోడాలు తెప్పించాడు. తాంబూలం తీసుకుంటే వస్తానని మాట ఇచ్చినట్టు. మామ పళ్ళెంలోంచి ఒక్క ఆకు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వక్క ముట్టలేదు. "చూస్తాము, పోయిరాండి" అన్నాడు.

బస్సులో దారిపొడుగునా అమ్మది ఒకటే పాట, "ఆకు తీసుకున్నాడు గదా." ఇంటికొచ్చాక నాన్న, "వక్క తీసుకోలేదు గదా" అని ఆటపట్టించాడు. అమ్మ ఆయన మీద చెంబు విసిరినంత పని చేసింది. అన్నేళ్ళ తర్వాత ఆమెలో అంత హుషారు చూశాను. తిరుత్తంగల్‌లో అచ్చు ఆఫీసులో పనిచేసే మా బంధువు ఒకాయన గౌను వేసుకున్న నా ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ వేయించి పంపితే, అందులో అందరికన్నా పైన మామ పేరు ఉందో లేదోనని అమ్మ నాచేత పదేపదే చదివించుకుంది.

ఆదివారం వచ్చింది. మండపం నిండింది. వంటవాళ్ళు సాంబారు దించారు. నన్ను పట్టుచీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. మామ రాలేదు. నాన్న మండీకి ఫోను చేశాడు. ఆదివారం మండీ మూసి ఉంటుందని తెలిసీ చేశాడు, అది మోగి మోగి ఆగిపోయింది. పన్నెండు దాటితే యమగండం. మా తరఫు పెద్దతాత కర్ర నేలకేసి కొడుతూ, "వేళ మించిపోతుండాది. వరసకు అన్నో తమ్ముడో ఎవురో ఒకురు నిలబడండి" అన్నాడు.

"నిలబడొద్దు. మా అన్న వస్తాడు" అంది అమ్మ.

"వచ్చేవాడయితే ఈపాటికే వచ్చుంటాడమ్మే."

పదిమందీ ఒక్కటయ్యారు. అన్నం ఆరిపోతోందని ఒకరు, పొద్దు పోతోందని ఒకరు. అమ్మ మాట నీళ్ళలో కలిసిపోయింది. ఆమెకు వరసకు తమ్ముడయ్యే ఒకాయనను, పాపం ఆయన వద్దు వద్దంటున్నా, చెయ్యి పట్టి లాక్కొచ్చి నా ముందు నిలబెట్టారు.

మేనమామ చోట వేరొకరు నిలబడటం మాలో ఉన్నదే. అది మేనమామ చనిపోయిన పిల్లలకు. అప్పుడు ముందుగా దక్షిణం వైపు తిరిగి, పోయిన మనిషిని తలుచుకుని కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, ఆయన దగ్గర సెలవు తీసుకుంటారు. పెద్దతాత ఎన్ని ఇళ్ళలో ఆ పని చేయించాడో. ఆ అలవాటు చేతికి ఎక్కేసింది, బుద్ధికి చెప్పలేదు. ఎవరో కర్పూరం వెలిగించి కొబ్బరికాయ అందించారు, ఆయన దక్షిణానికి తిరిగాడు. "పెదనాయనా, ఆగు!" అని నాన్న కేక వేసేలోపే కాయ పగిలింది.

ఆ దక్షిణం వైపే మండపం వాకిలి. వాకిట్లో మామ నిలబడి ఉన్నాడు.

తెల్ల చొక్కా, భుజాన జరీ తువ్వాలు. వెనక అత్త, ఆమె వెనక పళ్ళేలు పట్టుకున్న ఆడవాళ్ళు. చీర, పూలు, పళ్ళు, మేనమామ తేవాల్సిన సీరు మొత్తం. నాలుగు వరుసల రోడ్డు వేయడానికని సాత్తూరు దగ్గర అంతా తవ్వేసి ఉంటే, వాళ్ళ వ్యాను అక్కడ చిక్కుకుపోయిందని తర్వాత తెలిసింది. మామ నా ముందున్న మనిషిని చూశాడు, కర్పూరం చూశాడు, పగిలిన కాయ చూశాడు. తలపైన ఫ్లెక్సీలో ఆయన పేరు గాలికి ఊగుతోంది. మామ చేతిలోని పళ్ళెం వాకిట్లో సున్నితంగా దించి, వెనక్కి తిరిగాడు.

అమ్మ చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తింది. నేనూ లేచి వెనకే పరుగెత్తాను. "అన్నా, ముసిలోడు తెలీక చేసినాడన్నా! నువ్వు నూరేండ్లుండాల! అన్నా!" వ్యాను తలుపు పట్టుకుని వేలాడింది. మామ ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. "బతికుండంగానే పంపించినారు గదమ్మా. పోతాను" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా నేను ఎప్పుడూ వినలేదు. తిట్టి ఉంటే బాగుండేది. 

ఆ మాల చివరికి ఎవరూ వేయలేదు. జనం భోంచేసి వెళ్ళారు. పెద్దతాత ఒక మూల కూర్చుని తల బాదుకుని ఏడ్చాడు. ఆయన్ని ఏమని తిట్టేది? అమ్మ తిట్టలేదు.  నా డిగ్రీ కాగితాన్ని నాన్న ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తే, ఆ గోడ వైపు తిరిగి అన్నం తినడం మానేసింది.

అత్త ద్వారా కబుర్లు పంపింది. పెద్దల్ని పంపింది. ఏవీ పని చేయలేదు. కొన్ని నెలలు ఓపిక పట్టి, ఒకరోజు నన్ను తీసుకుని మళ్ళీ మండీకి వెళ్ళింది. మామ బాగా చిక్కిపోయి ఉన్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, "అన్నా" అంది.

మామ తలెత్తాడు. మర్యాదగా లేచి నిలబడ్డాడు. "వాంగమ్మా. ఉక్కారుంగ. ఎన్న వేణుం?" అన్నాడు. రండమ్మా, కూర్చోండి, ఏం కావాలి అని. అరవంలో.

మేం అరవం మాట్లాడేది బయటివాళ్ళతో. కండక్టరుతో, డాక్టరుతో, బేరగాళ్ళతో. పుట్టినప్పటి నుంచి ఆ అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు అరవంలో ఒక్క ముక్క మాట్లాడి ఎరగరు. పోట్లాడుకున్నది కూడా తెలుగులోనే.  అమ్మ చెయ్యి పట్టుకుని, పోదాం రమ్మని లాగాను.

అమ్మ కదల్లేదు. స్టూలు మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. గొంతు సవరించుకుని, ఆమె కూడా అరవంలోనే, అరకిలో మిరపకాయలు కావాలంది.

బస్తాల లెక్కన అమ్మే మండీలో అరకిలో ఎవరూ అడగరు. మామ చిన్న తక్కెడ వెతికి తెచ్చి, బస్తాలో చెయ్యి పెట్టి, తాలు కాయలు ఏరిపారేసి మంచివి తూచాడు. కాగితంలో పొట్లం కట్టి ఆమె చేతికిచ్చాడు.

ఇంట్లో పొట్లం చూసి నాన్న ఆశ్చర్యపోయాడు. "మన చేలో కాసినవి మిద్దె మీద ఎండుతుండాయే, ఇవేమిటికి?" అన్నాడు. అమ్మ మరుసటి నెల మళ్ళీ వెళ్ళింది. మామ పోయేదాకా నెలనెలా వెళ్ళి అరకిలో మిరపకాయలు కొనుక్కొచ్చింది. ఇద్దరూ అరవంలోనే మాట్లాడుకున్నారు.